గెడ్డ పక్కన మొలిచిన గొడుగు పేరేమిటి?

ఆ పుట్టగొడుగు ఫొటో పెట్టిన పావుగంటలో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పద్నాలుగు జవాబులొచ్చాయి. గడ్డి పుట్టగొడుగు, పులుసు పెట్టుకో అని మా మేనత్త. విషం, ముందు చెయ్యి సబ్బుతో కడుక్కో అని మా బావ. పిన్ని కొడుకు ఆ ఫొటోని ఒక యాప్‌లో వేసి, వచ్చిన లాటిన్ పేరు మాకు పంపాడు. కాసేపాగి అదే ఫొటోని కాస్త కత్తిరించి వేస్తే యాప్ ఇంకో పేరు చెప్పిందట, అదీ పంపాడు. మిగిలినవాళ్ళందరూ అడిగింది ఒకటే: "తినొచ్చా?"

ఎక్కడ మొలిచింది, దగ్గర్లో ఏ చెట్లున్నాయి, నేల తడిగా ఉందా, మట్టిలో దాని మొదలు ఎలా ఉంది అని ఒక్కరూ అడగలేదు. నాకు బాధేసింది అక్కడే. వాళ్ళంతా పల్లెలో పుట్టి పెరిగినవాళ్ళు. మామిడి టెంక చూసి రకం చెప్పగలరు. పుట్టగొడుగు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క ఫొటోతో తేల్చేద్దామనుకుంటున్నారు. ఒక అడవి పుట్టగొడుగుని గుర్తుపట్టడమంటే దాని చోటుని గుర్తుపట్టడమని నేను నమ్ముతున్నాను. చోటు వదిలేసి పేరు పెట్టడం ప్రాణం మీదికి తెచ్చే అలవాటు. ఆ ఫొటో వెనక ఉన్న సంగతంతా చెప్తాను, ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో తెలుస్తుంది.

విశాఖపట్నం నుంచి పద్మనాభం వైపు వెళ్తే మా పెదనాన్నగారికి చిన్న జీడితోట ఉంది. తోట చివర పల్లంలోకి దిగితే గెడ్డ, అంటే చిన్న వాగు, వస్తుంది. వేసవిలో అందులో ఇసక తప్ప ఏమీ ఉండదు. వానలు పట్టాక గెడ్డకి రెండు పక్కలా నేలంతా ఊటెక్కిపోతుంది. అడుగేస్తే చెప్పు దిగబడి, లాగితే చప్పుడు చేసుకుంటూ పైకొస్తుంది. ఏరుమద్దులు, కానుగలు, ఈత చెట్లు, వాటి మధ్య మొగలి పొదలు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ చీకటిగానే ఉంటుంది. కుళ్ళిన ఆకు వాసన, తడి మట్టి వాసన కలిసి కొడుతుంటాయి. ఎగువన గట్టు మీద వేరే వాళ్ళు వేసిన నీలగిరి తోట ఉంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఆగస్టు నెలాఖరులో, మూడు రోజులు ముసురు పట్టి వదిలిన పొద్దున అక్కడ ఐదు గొడుగులు కనబడ్డాయి. నాలుగు విచ్చుకున్నాయి, ఒకటి ఇంకా గుడ్డులాగే ఉంది. విచ్చుకున్నవాటి వెడల్పు నా అరచేయంత. రంగు బూడిద, నడిమధ్యన కాస్త ముదురు. అంచు దగ్గర మాత్రం చుట్టూ దువ్వెనతో గీసినట్టు సన్నటి గీతలు. కింద చేప మొప్పల్లా వరసగా ఉండే రేకులు తెల్లగా ఉన్నాయి. కాడ కూడా తెలుపే. కాడకి మధ్యలో గాజులాంటి పట్టీ ఏమీ లేదు. వాసన చూస్తే పెద్దగా ఏమీ తెలియలేదు.

ఇక్కడే చాలామంది కాడని పట్టుకుని పుటుక్కున తెంపేస్తారు. అలా చేస్తే ఉన్న ఆనవాళ్ళలో ముఖ్యమైనది మట్టిలోనే ఉండిపోతుంది. నేను పాత కొడవలి మొనతో చుట్టూ మట్టి వదులు చేసి, కింద చెయ్యి పెట్టి మొత్తంగా పైకి తీశాను. మొదలు దగ్గర తెల్లటి సంచి ఉంది. కోడిపిల్ల బయటికొచ్చాక మిగిలిన గుడ్డు పెంకులాగా, పైన చినిగి, కాడకి వదులుగా అంటుకుని ఉంది. సంచిని చూడగానే నాకు టెన్షన్ మొదలైంది.

ఎందుకంటే సంచి ఉన్న గొడుగులు మనవాళ్ళకి బాగా తెలిసినవి ఒక రకం ఉన్నాయి. వరిగడ్డి కుప్ప తడిసి కుళ్ళినచోట వస్తాయి, మా మేనత్త చెప్పిన గడ్డి పుట్టగొడుగులు ఇవే. శాస్త్రంలో వీటి పేరు వోల్వారియెల్లా వోల్వేసియా. తినేవే, పెంచి అమ్ముతారు కూడా. వీటికీ మొదట్లో సంచి ఉంటుంది, గాజు ఉండదు, లేతప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి. సంచి ఉండే ఇంకో పెద్ద కుటుంబం అమానిటా. అందులో ఇప్పటికి పేరు పెట్టినవే ఆరు వందలకి పైగా ఉన్నాయి. కొన్ని తినేవి, కొన్ని కడుపు పాడుచేసేవి, కొన్ని మనిషిని చంపేవి. చాలా అమానిటాలకి గాజు ఉంటుంది. గాజు లేని అమానిటాలు కూడా ఉన్నాయి, వాటిలో చాలావాటికి అంచున ఇలాంటి దువ్వెన గీతలే ఉంటాయి. ఫొటోలో పైనుంచి చూస్తే ఈ రెండు కుటుంబాలనీ విడదీయడం చాలా కష్టం.

ఈ పొరపాటుకి మూల్యం చెల్లించినవాళ్ళున్నారు. అమానిటా ఫాలాయిడిస్ అనే రకం సొంతూరు యూరప్. అక్కడ ఓక్ చెట్ల వేళ్ళతో కలిసి బతుకుతుంది. ఆ చెట్ల మొక్కల్ని తీసుకెళ్ళి నాటినచోటికల్లా వేళ్ళతో పాటు ఇదీ వెళ్ళింది. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా ఊళ్ళో 2011 డిసెంబరు 31 రాత్రి భోజనంలో దీన్ని గడ్డి పుట్టగొడుగు అనుకుని వండారు. తిన్నవాళ్ళలో ఇద్దరు చనిపోయారు. వండినది వంట తెలియని మనిషి కాదు, ఆ పని చేసి బతికే మనిషి. తన సొంతదేశం చైనాలో ఆ రూపంతో ఉన్నది గడ్డి పుట్టగొడుగే. రూపం అదే, చోటు మారింది. నేను చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క ఘటనలో ఉంది.

ఆ విషం పనిచేసే తీరు తెలిస్తే ఎవరూ తొందరపడరు. తిన్న ఆరు గంటల నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, మనిషికి ఏమీ కాదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఒక రోజుకి అవి తగ్గుతాయి, మనిషి లేచి కూర్చుంటాడు, ఇంట్లోవాళ్ళు గండం గడిచిందనుకుంటారు. లోపల కాలేయం కణాలు కొత్త ప్రోటీన్లు తయారుచేసుకునే దారి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో కాలేయం దెబ్బతిన్న గుర్తులు బయటపడతాయి. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా ఆ విషం విరగదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎవరింట్లోనైనా అనుమానం వస్తే చెయ్యాల్సింది ఒకటే: తగ్గింది కదా అని ఆగకుండా, మిగిలిన పుట్టగొడుగు ముక్కలు, తొక్కలు కవర్లో వేసుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ప్లాస్టిక్ కన్నా కాగితం పొట్లం మంచిది, ముక్కలు త్వరగా కుళ్ళిపోవు.

మరి పరీక్షలున్నాయి కదా అంటారు. వెండి చెంచా వేస్తే నల్లబడుతుందని, వెల్లుల్లి రంగు మారుతుందని, పురుగు తిన్నదైతే మనమూ తినొచ్చని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఇవి నమ్మకండి. ఆ విషానికీ వెండికీ ఏ సంబంధమూ లేదు. చంపే అమానిటాల మీద నత్తలు, పురుగులు హాయిగా మేస్తాయి, వాటికేమీ కాదు. పురుగు కడుపు వేరు, మన కడుపు వేరు.

ఇక మామ్మ సంగతి. మా పెదనాన్నగారి తోటలో జీడిపిక్కలు ఏరే పనికి ముప్పై ఏళ్ళుగా వస్తున్న మనిషి. ఊళ్ళో అందరికీ మామ్మే. వానలు పడ్డాక ఆవిడ బుట్ట పట్టుకుని పుట్టల చుట్టూ తిరుగుతుంది. ఏ పుట్ట మీద ఏ కార్తెలో వస్తాయో ఆవిడకి తెలుసు. నేను సంచితో సహా తీసిన గొడుగుని ఆవిడ చేతిలో పెట్టాను. తిప్పి చూసింది, వాసన చూసింది, వెనక్కి ఇచ్చేసింది.

"ఎక్కడిది బాబూ?" అంది. ఆ రోజంతటిలో ఆ ప్రశ్న అడిగిన ఒకే ఒక్క మనిషి ఆవిడ.

"గెడ్డ పక్క, మద్దుల కింద మామ్మా."

"అయితే నాకు తెల్దు. పుట్ట మీదదైతే చీకట్లో కూడా చెప్తాను. గెడ్డ పక్కది మేం ముట్టం."

ఆవిడకి తెలిసినది చాలా లోతైన విషయం. అది మన భాషలోనే ఉంది, రోజూ వాడుతూ పట్టించుకోకుండా వదిలేస్తున్నాం. పుట్ట మీద మొలిచే గొడుగు కాబట్టి పుట్టగొడుగు. చెదపురుగులు పుట్ట లోపల తేనెపట్టులాంటి గూడు కట్టి, దాని మీద ఒక శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. అదే వాటి తిండి. వానాకాలంలో ఆ శిలీంధ్రమే పొడుగాటి కాడతో మట్టిని చీల్చుకుని పైకొచ్చి గొడుగు విప్పుతుంది. శాస్త్రజ్ఞులు దాన్ని టెర్మిటోమైసిస్ అంటారు. ఆ పేరు ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో పెట్టాడు. మనవాళ్ళు అంతకన్నా ఎన్నో తరాల ముందే పేరులో చోటుని పెట్టేశారు. గొడుగు నడిమధ్యన మొన, మట్టిలోకి వేరులా దిగిపోయే కాడ, కింద చెదల గూడు. ఈ మూడూ కలిస్తేనే మామ్మ బుట్టలో వేస్తుంది. దాన్ని మనుషులు ఇప్పటికీ వ్యాపారానికి పెంచలేకపోతున్నారు, చెదలకే ఆ విద్య తెలుసు. అందుకే పాడేరు, అరకు సంతల్లో వానాకాలం మొదట్లో బుట్ట దించగానే జనం మూగుతారు.

ఇవాళ మనం సూపర్‌మార్కెట్లో డబ్బాలో దొరికే తెల్ల బొత్తాన్ని కూడా పుట్టగొడుగు అంటున్నాం, లాన్‌లో మొలిచినదాన్నీ పుట్టగొడుగే అంటున్నాం. పేరు పెద్దదైపోయింది, అందులో ఉన్న జాగ్రత్త పోయింది. మిగతావాటికి కుక్కగొడుగు అనే మాట ఉండేది. కాస్త నీచంగా వినబడుతుంది కానీ ఆ మాట ఒక పని చేసేది. ఇది నాకు తెలిసినది కాదు, దీని జోలికి వెళ్ళను అని ఒక గీత గీసేది. ఆ గీత మళ్ళీ కావాలంటాను.

చోటుని పేరులో పెట్టడం మనకొక్కరికే తెలిసిన పద్ధతి కాదు. యూరప్ చిత్తడి అడవుల్లో, నీళ్ళలో కుళ్ళే ఆకుల మీద అగ్గిపుల్ల తలలాంటి పసుపుపచ్చ శిలీంధ్రం ఒకటి వస్తుంది. దాని పేరు మిట్రులా పాలుడోసా. పాలుడోసా అంటే లాటిన్‌లో చిత్తడి నేలకి చెందినదని. మన ఏరుమద్ది అన్నట్టే. కిరండూల్ రైలెక్కి బస్తరు వైపు వెళ్తే తొలి వానలకి జనం గుగ్గిలం చెట్ల కింద నేల గీరుతూ కనిపిస్తారు. బోడా అనే చిన్న ఉండల కోసం. అవి గుగ్గిలం వేళ్ళతో కలిసి బతికే శిలీంధ్రాలు. జీడితోటలో వెతికితే దొరకవు. వెతికేవాళ్ళు ముందు చెట్టుని చూస్తారు, తర్వాత నేలని.

నేనూ ఆ పనే చేశాను. గొడుగులున్నచోటు నుంచి తలెత్తి చూస్తే పైన ఏరుమద్ది కొమ్మలు. వాటి సందులోంచి పది పన్నెండు గజాల దూరంలో నీలగిరి మానులు. అమానిటాల్లో ఎక్కువ భాగం చెట్ల వేళ్ళకి అతుక్కుని బతుకుతాయి. చెట్టుకి నీరు, ఖనిజాలు అందించి, బదులుగా చక్కెర తీసుకుంటాయి. అలాంటి పొత్తు అన్ని చెట్లతోనూ కుదరదు. నీలగిరితో కుదురుతుంది. గడ్డి పుట్టగొడుగుకి చెట్టు అక్కర్లేదు, కుళ్ళే గడ్డి చాలు. ఆ గెడ్డ దగ్గర చుట్టుపక్కల ఎక్కడా గడ్డి కుప్ప లేదు. సంచిని చూసి పుట్టిన అనుమానం అక్కడ బలపడింది.

తేల్చుకోవడానికి ఇంటికి తెచ్చాను. (సొంత తోట కాబట్టి తెచ్చాను. కంబాలకొండ లాంటి అభయారణ్యంలో ఏదీ కోయకూడదు, తేకూడదు. అక్కడ ఫొటోతో, నోటుపుస్తకంతో సరిపెట్టుకోవాలి.) సిద్ధబీజాల, అంటే పుట్టగొడుగు గింజల, ముద్ర తీయడం చాలా తేలిక, దానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం, ఒక నల్ల కాగితం పక్కపక్కన అతికించాలి. విచ్చుకున్న గొడుగు కాడని కోసేసి, రేకులు కిందికి ఉండేలా గొడుగుని రెండు కాగితాల మీద సగం సగం పడేలా పెట్టాలి. పైన ఒక చుక్క నీళ్ళు వేసి స్టీలు గిన్నె బోర్లించాలి. రాత్రంతా కదపకూడదు. రేకుల నుంచి కంటికి కనబడని గింజలు లక్షల్లో రాలి, కాగితం మీద ముగ్గులా పరుచుకుంటాయి. గడ్డి పుట్టగొడుగుకి ఆ ముద్ర గులాబీ రంగులో పడుతుంది. అమానిటాకి తెల్లగా పడుతుంది.

ఈ విద్య నాకు మధురవాడలో మా అపార్ట్‌మెంట్ లాన్ నేర్పింది. రెండేళ్ళ కిందట అక్కడ పళ్ళేలంత తెల్లటి గొడుగులు వరసగా వచ్చాయి. చూడ్డానికి ఎంత బాగున్నాయంటే వాచ్‌మన్ భార్య కొంగులో నాలుగు వేసుకుంది. ముద్ర పడేదాకా ఆగమ్మా అని బతిమాలాను. పొద్దున్నకి కాగితం మీద పాచి రంగు పడింది. ఆకుపచ్చ ముద్ర పడేది చాలా అరుదు. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే రకం అలా పడుతుంది. ఉష్ణదేశాల్లో లాన్‌లలో తరచూ కనబడేది అదే, తిన్న గంటా రెండు గంటల్లో వాంతులతో పడేస్తుంది. లేతగా ఉన్నప్పుడు దాని రేకులు కూడా తెలుపే. ముద్రే పట్టించింది.

గెడ్డ గొడుగు ముద్ర పొద్దున ఐదున్నరకి చూశాను. గిన్నె ఎత్తి, గొడుగుని నెమ్మదిగా పక్కకి తీస్తే తెల్ల కాగితం మీద ఏమీ లేనట్టే ఉంది. నల్ల కాగితం మీద మాత్రం రేకు రేకుకీ ఒక గీత చొప్పున, మధ్య నుంచి అంచు దాకా, తెల్లటి పొడి. ఎక్కడా గులాబీ ఛాయ లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, లైటు మార్చి మార్చి చూశాను. తెలుపే. గడ్డి పుట్టగొడుగు కాదు. గ్రూపులో పులుసు పెట్టుకోమన్న మాట గుర్తొచ్చి వెంటనే మా మేనత్తకి ఫోన్ చేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేం చిన్నప్పుడు గడ్డి కుప్ప మీదవే కోసేవాళ్ళంరా, ఇది ఎక్కడిదో నువ్వు చెప్పలేదు కదా," అంది. ఆవిడ మాటలో తప్పు లేదు. చోటు చెప్పకుండా ఫొటో పెట్టింది నేను. అందుకే ఇంత రాస్తున్నాను.

యాప్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు దాన్నే నమ్ముతున్నారు. 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు 78 నమూనాల ఫొటోలతో మూడు యాప్‌లని పరీక్షించారు. అన్నిటికన్నా మంచి యాప్ సరిగ్గా చెప్పింది 49 శాతం. మిగతా రెండూ 35 శాతం దగ్గర ఆగాయి. యాప్‌కి సంచి కనబడదు, ముద్ర రంగు తెలియదు, ఎగువన నీలగిరి తోట ఉందని తెలియదు. మనం చూపించినదే చూస్తుంది. పేరు వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి వాడుకోండి, నేనూ వాడతాను. వంటగదిలోకి మాత్రం రానివ్వకండి.

ఇంతకీ దాని పేరేమిటి? బోటనీ పాఠాలు చెప్పే స్నేహితుడికి ఎండబెట్టిన ముక్క, ముద్ర, ఫొటోలు, చోటు వివరాలు అన్నీ ఇచ్చాను. అమానిటా వరకూ ఒప్పుకున్నాడు. గాజు లేని, అంచున గీతలున్న గుంపులోది కావొచ్చన్నాడు. జాతి పేరు చెప్పాలంటే సూక్ష్మదర్శినిలో సిద్ధబీజాల కొలతలు చూడాలి, ఆ తర్వాత డీఎన్ఏలో ఐటీఎస్ అనే భాగాన్ని చదవాలి. శిలీంధ్రాలకి దాన్నే గుర్తింపు ముద్రగా 2012లో ఎంచుకున్నారు. అదంతా చేసినా పేరు దొరుకుతుందని హామీ లేదన్నాడు. ప్రపంచంలో 22 లక్షల నుంచి 38 లక్షల దాకా శిలీంధ్ర జాతులు ఉండొచ్చని 2017 నాటి అంచనా. పేరు పెట్టినవి దాదాపు లక్షన్నర. అంటే మన తోటల్లో మొలిచే వాటిలో ఎన్నో ఇంకా పేరు లేకుండానే మొలిచి రాలిపోతున్నాయి.

గ్రూపులో ఈ సంగతి రాస్తే మా బావ, "ఇంత చేసి పేరే చెప్పలేకపోయావు," అన్నాడు. నేను ఒప్పుకోను. గడ్డి పుట్టగొడుగు కాదని తేలింది, కుటుంబం తెలిసింది, తినకూడదని తెలిసింది, ఎక్కడ ఎప్పుడు మొలుస్తుందో కాగితం మీదికొచ్చింది. తప్పు పేరు ఒకటి అంటగట్టడం కన్నా ఇది ఎన్నో రెట్లు ఎక్కువ జ్ఞానం. మామ్మ "తెల్దు" అన్నప్పుడు ఆవిడ ముప్పై ఏళ్ళ అనుభవమంతా ఆ మాటలో ఉంది. ఆ మాట అనగలిగినందుకే ఆవిడ వండిన పుట్టగొడుగుల కూర నేను ధైర్యంగా తింటాను.

సెప్టెంబరులో మళ్ళీ తోటకి వెళ్ళినప్పుడు ఆవిడకి ముద్ర కాగితం చూపించాను. నల్ల సగం మీద తెల్ల గీతల్ని చూసి, ముగ్గులా ఉందే అంది. చెట్ల వేళ్ళకీ దీనికీ ఉన్న పొత్తు గురించి చెప్తే శ్రద్ధగా విని, గట్టు వైపు చూసింది.

"ఆ నీలగిరులు ఎయ్యక ముందు ఆ జాగాలో ఇవి లేవు బాబూ. నేను గెడ్డకి దిగినన్నేళ్ళూ చూళ్ళేదు. తోట ఎదిగాకే వస్తన్నాయి."

నోటుపుస్తకం తీసి, ఆ మాటని ఆవిడ చెప్పినట్టే, తేదీ వేసి రాసుకున్నాను. తోట ఏ సంవత్సరం వేశారో గట్టు అవతలి వాళ్ళని అడగాలి.